రేవులో ఎస్తేరు గారి స్తంభాలు

మొన్న మా పాత రేవుకు వెళ్లినప్పుడు గాలికి పెదవుల మీద ఉప్పు పేరుకుంది. అది నాలుకకు తగలగానే ఎస్తేరు గారు గుర్తొచ్చారు. గోదావరి సముద్రంలో కలిసే చోట పడవలు కట్టే ఆ జెట్టీకి మరమ్మతు చేసినప్పుడు ఆవిడ ఇంజినీరు, నేను ఆవిడ కింద సూపర్‌వైజర్ని.

ఆవిడది రాజోలు. మాట మెత్తన, పని దగ్గర మాత్రం గట్టి మనిషి. జెట్టీని మోసే స్తంభాలు పెచ్చులూడి, లోపలి ఇనప ఊచలు తుప్పుపట్టాయి. పాడైన కాంక్రీటు చెక్కేసి, ఊచలు తోమి, మంచినీళ్లతో కడిగి, చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు పోయాలి. అదంతా ఆటు వేళ, నీరు వెనక్కి తీసినప్పుడే జరగాలి. వేసవిలో ఉండే చేపల వేట నిషేధం ముగిసేలోగా జెట్టీ తెరుస్తామని పడవలవాళ్లకు మాటిచ్చాం.

ఒకరోజు మంచినీళ్ల ట్యాంకరు రాలేదు. పోటు మొదలయ్యే వేళవుతోంది. నాది కొత్తపేట. గోదావరి అంటే తియ్యటి నీళ్లేనన్నది మాకు పుట్టుకతో వచ్చిన నమ్మకం. సముద్రం వెనక్కి పోయింది కదా, ఇప్పుడు పైనుంచి దిగేది మంచినీరేననుకున్నాను. బిందెలతో నదిలో నీళ్లు తోడించి, చివరి వరుస ఊచలన్నీ కడిగించి, చాలావాటికి కాంక్రీటు కూడా పోయించేశాను.

మర్నాడు ఎస్తేరు గారు ఇంకా కాంక్రీటు పోయకుండా మిగిలిన ఊచ ఒకదాన్ని వేలితో రాసి నాలుకకు అంటించుకున్నారు.

"దేంతో కడిగించేరండీ?"

"గోదావరి నీళ్లతోనేనండి."

"ఇది మీ కొత్తపేట గోదారి కాదండీ. ఎండాకాలం ఇక్కడ ఎప్పుడు చూసినా ఉప్పే. పేరు చూసి పోయించేరు గానీ, నాలిక మీద వేసుకుని చూళ్లేదు." వేలు కొంగుకు తుడుచుకుంటూ అన్నారు: "ఉప్పు లోపల పెట్టి మూసేం. పైకి బానే ఉంటది, లోపల తినేస్తది. పగలగొట్టించండి."

అవి పగలగొట్టి మళ్లీ పోయాల్సి రావడంతో చెప్పిన రోజుకు జెట్టీ తెరవలేకపోయాం. తొలి వేట పడవలు వచ్చేసరికి జెట్టీకి అడ్డంగా తాడు కట్టి ఉంది. ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో చేపల గంపలు మోశారు. పడవ యజమాని నూకరాజు మా దగ్గరకొచ్చాడు.

"మాటిచ్చేరు కదండీ. మా ఆడోళ్లు బురదలో దిగబడతంటే తవరు గొడుగేసుకుని చూత్తారా?"

"ఆయ్. తప్పు నాదేనండీ," అన్నారావిడ గొడుగు మడిచేస్తూ.

నేను పక్కనే ఉన్నాను. తాడు ముడి సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను. సాయంత్రం, అలా ఎందుకన్నారని అడిగాను. "సైటు నాదండీ. రేపు ట్యాంకరు పొద్దున్నే తెప్పించండి," అన్నారు. మళ్లీ ఆ మాటెత్తలేదు.

ఆవిడ బదిలీ మీద వెళ్లారు, తర్వాత కొన్నేళ్లకు పోయారు. ఆ ఇంజినీరమ్మ వల్లే తొలి వేట బురదపాలైందని రేవులో ఇప్పటికీ అంటారు. మొన్న నూకరాజూ అదే అన్నాడు. ఈసారి ఊరుకోలేకపోయాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

అతను చివరి వరుస స్తంభాల వైపు చూశాడు.

"ఆవిడ బతికుండగా చెప్పాల్సిందండీ," అన్నాడు.

"ఆయ్," అన్నాను.

అతను లేచి వెళ్లి, పడవ తాడును చివరి వరుస స్తంభానికి బిగించి కట్టాడు. ఇన్నేళ్లయినా వాటిలో ఒక్క పెచ్చు ఊడలేదు.

ఇప్పుడు ఏ సైటులోనైనా కాంక్రీటు పోసే ముందు ఊచను వేలితో రాసి నాలుకకు అంటించుకుంటాను. పనివాళ్లు నవ్వుకుంటారు. చప్పగా ఉందని తేలాకే పొయ్యమంటాను.