ఓబులేసు చెరిపేసిన వలయం

నిన్న ఉదయం సంధ్యావందనం ముగించి లేస్తుండగా రాయచోటి నుంచి ఫోన్. అక్కడ ఉద్యోగం చేసే ఓబులేసు తమ్ముడు.

"అయ్యవారూ, అన్న పోయినాడు."

గుండెపోటు. ఆ మాట మనసుకెక్కడానికే నాకు చాలాసేపు పట్టింది.

ఆదోని వైపు పల్లెలో సేద్యం చేసే ఇంటి బిడ్డ మా ఓబులేసు. బళ్లో నా దగ్గర ఛందస్సు నేర్చి, కడపలో ఫిజిక్స్ లెక్చరర్ అయ్యాడు.

మహానక్షత్రాలు తమ పైపొరలను అంతరిక్షంలోకి ఊదేస్తాయట. ఆ వాయుమేఘాలను ధూళి కప్పితే వెలుగు దాటి రాలేదు, రేడియో తరంగాలు వస్తాయి. ఆ తరంగాల డేటాను కంప్యూటర్‌లో చిత్రాలుగా మలచడమే వాడి తపస్సు.

మూడేళ్ల క్రితం, ఒక నక్షత్రం చుట్టూ నిండు వలయం కనిపించిందన్నాడు. మురిసిపోయి సీసపద్యం అల్లాను. కాలేజీ సభలో రాగం తీసి చదివాను.

చప్పట్లు ఆగకముందే వాడు మైకు అందుకున్నాడు.

"అయ్యవారూ, పద్యం శానా బాగుండాది. ఆ వలయమే ల్యాదు."

హాలంతా గొల్లున నవ్వింది.

"నిండు సభలో పరువు తీస్తావేమప్పా?" అని తరువాత మండిపడ్డాను.

"మీ పరువు రేపటికి తిరిగొస్తాది అయ్యవారూ. తప్పు బొమ్మ అచ్చయితే వెనక్కి రాదు. యాంటెనాల మధ్య ఖాళీల వల్ల పడిన దొంగ గీత అది, ఈ పొద్దే తెలిసింది. తూర్పు పక్క ఓ ముక్క మాత్రం నిజమేమో అనిపిస్తాండాది. మళ్లీ సూడల్ల."

మళ్లీ చూసే అవకాశం రావడానికి ఇన్నాళ్లు పట్టింది. కొత్త డేటా పోయిన నెలే వచ్చింది. పని సగంలో ఉంది.

నిన్నటి నుంచి మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఆ పాత చిత్రమే తిరుగుతోంది. "వలయాన్ని కనుగొన్న ఓబులేసు" అని. కింద నా పద్యం. ఫ్లెక్సీకి కూడా ఇచ్చారట.

అభిమానంతో చేశారని తెలుసు. అయినా ఆపండి. డిలీట్ చేయండి. ఆ పద్యాన్ని నేను ఉపసంహరించుకుంటున్నాను.

వాడి శిష్యురాలు నస్రీన్‌తో మాట్లాడాను. ఏడుస్తూనే, "సార్ పని నేను పూర్తి చేస్తా" అంది. మళ్లీ తనే, "ఆ ముక్క గూడా ల్యాకపోతే అయ్యవారూ?"

"లేదనే రాయమ్మా" అన్నాను.

సత్యమే పరమధర్మమని జీవితమంతా పాఠం చెప్పాను. నిండు సభలో ఆచరించి చూపినవాడు నా శిష్యుడు.

ఫ్లెక్సీ షాపుకు ఇప్పుడు నేనే బయలుదేరుతున్నాను. ఫోటో, పేరు ఉంటే చాలు.

వెళ్లిరా నాయనా. లేని కీర్తిని నీ మీద కప్పనివ్వను.

నిశ్చింతగా విశ్రమించు.