మరిగినా విడిపోనివి

తిరుమలరావుకి తగువు లేనిదే తెల్లారేది కాదు. కంచరపాలెంలో కింది వాటాలో ఆయన, పై వాటాలో చెల్లెలు అనూరాధ, ఆమె మొగుడు దేవీప్రసాద్. తిరుమలరావు ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు, దేవీప్రసాద్ పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. టీలో అల్లం ఎంత వెయ్యాలన్న దగ్గర మొదలెట్టి రాజకీయాల దాకా బావలిద్దరూ మెట్ల మీదే పోట్లాడుకునేవారు. పక్కింటివాళ్ళకి టీవీ పెట్టే అవసరం ఉండేది కాదు.

మొన్న వేసవిలో దేవీప్రసాద్‌ గుండెకి స్టెంటు వేశారు. ఆవేశపడకూడదన్నాడు డాక్టరు. చెప్పింది రోగికి, పట్టుకున్నది మాత్రం తిరుమలరావు. అప్పట్నుంచీ బావ ఏమన్నా "నువ్వన్నదే రైటు బావా" అని తలూపి లోపలికి జారుకునేవాడు. తన నోటివల్ల ఆ మనిషికేమైనా అయితే చెల్లెలి మొహం ఎలా చూడాలన్న భయం. ఆ తలూపుడు ఎదుటివాడికి ఎలా ఉంటుందో ఇంత చదివిన బుర్రకీ తట్టలేదు. దేవీప్రసాద్ మెట్లు దిగడం మానేశాడు.

ఒక పొద్దున్న అనూరాధ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "అన్నియ్యా, సాయంత్రం పెందుర్తి ఎల్పోతన్నాం. అక్కడ వాటా దొరికింది. ఆయనకింక ఇక్కడ ఉండబుద్ధి కావట్లేదంట."

"మంచిదే" అన్నాడు తిరుమలరావు, అలవాటుకొద్దీ. టిఫిను మాత్రం సగంలోనే వదిలేసి లేచాడు.

ఆ రోజు క్లాసులో ఐసోమర్లు. బెంజీన్ వలయం గీసి, రెండు మిథైల్ గ్రూపుల్ని ఒకసారి పక్కపక్కన, ఒకసారి ఒక మూల వదిలి, ఒకసారి ఎదురెదురుగా పెట్టాడు. "పరమాణువులు అవే, లెక్కా అదే. కూర్చున్న చోటు వేరు. అందుకే ఇవి మూడు రకాల జైలీన్లు, వరసగా ఆర్థో, మెటా, పారా."

"మెటా, పారా కలిసిపోతే మరిగించి విడదీయొచ్చా సార్?" ముందు బెంచీలో యశస్విని అడిగింది.

"లాభం లేదమ్మా. రెండూ ఇంచుమించు ఒకే వేడికి మరిగి కలిసే లేస్తాయి. చల్లబరచాలి. అప్పుడు పారా ముందు గడ్డకట్టి విడిగా..."

చాక్‌పీసు ఆగిపోయింది. ఏళ్ళ తరబడి చెప్తున్న పాఠమే. రోజూ మరిగినన్నాళ్ళూ తామిద్దరూ విడిపోలేదు. చల్లబరిచింది తనే.

ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర వ్యాను. బీరువా ఎక్కిస్తున్న కూలీలకి దేవీప్రసాద్ చేత్తో సైగలు చేస్తున్నాడు. తిరుమలరావుకి డాక్టరు మాట గుర్తొచ్చింది. అయినా నోరు తెరిచాడు.

"జీవితమంతా క్రేన్ నడిపినావంట! తలుపులు కిందికెట్టేనేటి బీరువా ఎత్తడం?"

అనూరాధ గుండె మీద చెయ్యేసుకుంది. దేవీప్రసాద్ మెల్లగా వెనక్కి తిరిగాడు.

"ఏటన్నావ్?"

"ఇనబడలేదేటి? తప్పన్నాను."

"బోర్డు మీద బొమ్మలు గీసుకునే నీకేటి తెల్సు బావా, బరువెత్తడం!" ఆ కేక పక్క వీధి దాకా పోయింది. అంతలోనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాను ఏటన్నా అడ్డు సెప్పడం మానేసినావు. నన్ను సచ్చినోళ్ళలో కలిపేసినావనుకున్నాను."

"సచ్చిపోతావేటోనని భయమేసే నోరు మూసుకున్నాను."

"ఆ మాట సెప్పడానికేటి రోగం?" మళ్ళీ అరిచి, కళ్ళు తుడుచుకుని, దేవీప్రసాద్ వ్యాను వైపు తిరిగాడు. "దించండ్రా బీరువా! పైకి మోసుకెళ్ళండి."

కూలీలు వంగారు. అప్పుడు గొంతు తగ్గించి అన్నాడు.

"తలుపులు పైకెట్టి ఎత్తండి."