కత్తిపీట మీద తెగిన బొంత దారం

ఈ రోజు తెలంగాణ బంద్. బస్సులు లేక మీర్‌పేట్ నుంచి మా చెల్లె రాలేదు. బొంత కుట్టే రోజు మేమిద్దరం ఉండాల్సిందే. పాత చీరల ముక్కలను రెండేసి జత చేసి, దారం తెంపకుండా ఒక జత వెనక ఒకటి నేను మిషన్ మీద కుడుతూ పోతాను. ఆమె ఎదురుగా కూర్చుని చిన్న కత్తెరతో జతల మధ్య మిగిలిన దారాలు కత్తిరిస్తూ లోకంలోని ముచ్చట్లన్నీ చెబుతుంది.

పొద్దున దీపం పెట్టి ఒక్కదాన్నే మిషన్ ముందు కూర్చున్నాను. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద కాసేపు నినాదాలు వినిపించాయి, తర్వాత అవీ లేవు. మధ్యాహ్నానికి ముక్కల దండ దేవుని గది గడప దాకా పాకింది. చిన్న కత్తెరేమో చెల్లె సంచిలోనే ఉండిపోయింది, పెద్ద కత్తెర దారాలకు బరువు. కత్తిపీట కడిగి తెచ్చి, కాలితో తొక్కిపట్టి, రెండు చేతులతో దారం బిగబట్టి అంచుకు ఆనించాను. టక్కున తెగింది. సంబరపడి చెల్లెకు ఫోన్ చేశాను.

"గట్లనా అక్కా! కత్తిపీటకే నా పని నేర్పినవ్. ఇగ నన్నెందుకు పిలుస్తవ్ తియ్!" అని నవ్వింది.

నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం కత్తిపీటను తిరిగి వంటింట్లో పెట్టేశాను. మిగిలిన దండను తెంపకుండా అట్లనే చుట్టి, మిషన్ మీద పెట్టాను. బస్సులు నడిచిన రోజు ఆమె వచ్చి కత్తిరిస్తుంది.

మీ ఇళ్లల్లో దారాలు దేనితో తెంపుతారు? కత్తిపీట చాలా బాగా కోస్తుంది. ఒక్క ముచ్చటా చెప్పదు.