పేరు లేని బటన్

ఈ భూమ్మీద కంప్యూటరును భయపెట్టిన మొదటి మనిషి మా తాత గవర్రాజు. అనుమానముంటే హార్బరు దగ్గరున్న ఆయన ఆఫీసుకెళ్ళి అడగండి. ఇప్పటికీ అక్కడి కంప్యూటర్లు తాత పేరు వింటే ఒక్క క్షణం గుటక మింగి గానీ తెరుచుకోవు. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ. పేరు మాత్రం రాయొద్దన్నాడు. ఆయన పీఎఫ్ కాగితాలు ఇంకా అక్కడే నలుగుతున్నాయట.

మూడేళ్ళ వయసులో సొంతూరు పద్మనాభంలో అమ్మవారు పోసి తాతకి రెండు కళ్ళూ పోయాయి. ఆ కళ్ళ వాటా కూడా చెవులే పుచ్చుకున్నాయి. సీతమ్మధారలో మా ఇంటి మెట్ల మీద అడుగు పడితే చాలు, వచ్చిందెవరో, చెప్పులు కొత్తవో పాతవో చెప్పేస్తాడు. ఆ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా చేశాడు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చినా ఆఫీసు లైన్లు మాత్రం ఆయన చేతి మీదుగానే కలిసేవి. నాలుగొందల నంబర్లు నోటికొచ్చు. నానమ్మ పుట్టినరోజు ఒక్కటే రాదు.

ఆయన ఫోన్‌లో ఒక ఆడగొంతు ఉంది. తెర మీద ఏముంటే అది గడగడా చదివి వినిపిస్తుంది. నానమ్మ వరహాలమ్మ దానికి సవితి అని పేరు పెట్టింది. "పొద్దస్తమానం దాని మాటే ఇంటాడు. నాను పిలిత్తే మాత్రం ఇనపడదు" అంటుంది.

తాత రిటైరవడానికి మూడు వారాల ముందు ఆయన కుర్చీకి ప్రకటన వచ్చింది. ఒక్కటే పోస్టు, అది చూపు లేనివాళ్ళకే. దరఖాస్తు ఆన్‌లైన్లోనే పెట్టాలి. ఆఖరి తేదీ నెలాఖరు, అంటే తాత దిగిపోయే రోజే. వార్త తెలిసిన మరుక్షణం పద్మనాభంలో కీర్తనకి ఫోన్ చేశాడు. కీర్తన మా దూరపు చుట్టం దాలయ్య కూతురు. పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ పాసై, రోజూ బస్సెక్కి వైజాగ్ వచ్చి కంప్యూటర్ నేర్చుకుంటోంది.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయే చేసింది.

"తాతా, మీ ఆఫీసు సైటు నాతో మాటాడతం లేదు."

తాత తన ఫోన్‌లో తెరిచాడు. సవితి చదివింది: "లింక్. లింక్. బొమ్మ. పేరు లేని బటన్. పేరు లేని బటన్." పుట్టిన తేదీ టైపు చేద్దామంటే ఒప్పుకోదు, కేలెండరు బొమ్మలో వెతికి నొక్కాలట. అది దాటితే వంకర టింకర అక్షరాలున్న ఇంకో బొమ్మ చూపించి, అవేంటో రాసి మనిషినని రుజువు చేసుకోమంటుంది. ఈ తిప్పలు పడుతుండగానే సైటు ఇచ్చిన పది నిమిషాలు అయిపోయి కథ మళ్ళీ మొదటికొస్తుంది.

"నెట్ సెంటర్లో ఎవరి సేతనైనా పెట్టించీ అమ్మా" అన్నాడు తాత.

"పోయినేడు వేరే ఉద్యోగానికి అలాగే పెట్టించాను తాతా. పరీచ్చ రాసిపెట్టడానికి మనిషి కావాలా అని అడిగిన కాడ, ఆడు తొందర్లో వద్దని నొక్కేసాడు. ఆ పేపరు ముందెట్టుకుని రెండు గంటలు ఉత్తినే కూకున్నాను. ఈసారి నా ఏలుతో నానే నొక్కుతాను. అవకపోతే మానేత్తాను."

తాత ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు సవితిని మళ్ళీ పలకరించలేదు.

మర్నాడు కంప్యూటర్ సెక్షన్ ఆఫీసరు అర్జునరావు గదికి వెళ్ళాడు. అర్జునరావుది కాకినాడ. మర్యాదకి లోటుండదు, పని మాత్రం అడక్కూడదు.

"సైటు బ్రహ్మాండంగా ఉందండి గవర్రాజు గారూ. చూపు తక్కువున్న వాళ్ళ కోసం అక్షరాలు పెద్దవి చేసుకునే మీట కూడా పెట్టించామండి."

"గుడ్డోడికి పెద్దచ్చరాలెందుకు బాబూ?"

"పక్కన చూపున్న వాళ్ళెవరినైనా కూర్చోబెట్టుకోమనండి, ఏముంది."

"అంటే కళ్ళున్నోడు కూకుని నా కుర్సీకి అప్లికేషన్ పెట్టాలేటి?"

అర్జునరావు నవ్వి టీ తెప్పించాడు. తాత ఆ టీ తాగి వచ్చేశాడు.

సోమవారం పొద్దున్న అర్జునరావు ఆపరేటరు కోసం ఫోన్‌లో తొమ్మిది నొక్కాడు.

"గవర్రాజు గారూ, స్టోర్స్ ఇవ్వండి."

అవతలి నుంచి ఉప్పూ కారం లేని గొంతు వచ్చింది. "లింక్. లింక్. బొమ్మ. పేరు లేని బటన్."

"ఏవండీ?"

"పేరు లేని బటన్."

"స్టోర్స్ అడిగానండీ బాబూ."

"మీకిచ్చిన టైము అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి రండి." లైను కట్టయింది.

అంబులెన్సుకీ ఫైరు వాళ్ళకీ తాత మామూలుగానే కలిపాడు. క్యాంటీన్‌కీ కలిపాడు, వాళ్ళతో ఆయనకి ఉప్మా అవసరం ఉంది. కంప్యూటర్ సెక్షనుకి, ఉద్యోగాలిచ్చే సెక్షనుకి మాత్రం రెండు రోజుల పాటు బొమ్మలూ బటన్లే వడ్డించాడు. మూడో రోజు ఆ రెండు సెక్షన్లకీ పైనున్న పెద్దసారు రమణమూర్తి గారు అచ్యుతాపురం లైను అడిగారు. ఆయనకీ అదే వడ్డన జరిగింది. ఇంకొకరైతే మెమో పంపేవారు. ఆయన రెండంతస్తులు దిగి ఎక్స్‌ఛేంజి గదిలోకి వచ్చి నిలబడ్డారు.

తాత లేచి నిలబడ్డాడు. "పెద్దసారేనా? మీ కుడి సెప్పు కిర్రుమంటాది."

"గవర్రాజు గారూ, ఇన్నేళ్ళ సర్వీసులో ఎప్పుడూ లేనిది, ఇప్పుడేంటిది?"

"మన సైటు ఎలా మాటాడతాదో నానూ అలాగే మాటాడేను సార్. నా మాట నచ్చకపోతే దాని మాట ఇనండి."

ఫోన్ తీసి పెద్దసారు చేతిలో పెట్టాడు. పెద్దసారు సవితి మాటలు విన్నారు. మొదట నవ్వారు, తర్వాత నవ్వలేదు. పది నిమిషాలు అక్కడే ఉన్నారు, ఎందుకంటే పది నిమిషాల తర్వాత కదా అది మళ్ళీ మొదటికి తోసేది.

"ఎవరైనా అప్లై చేద్దామని చూస్తున్నారా?" అని అడిగారు.

"ఒక ఆడపిల్ల సార్. ఇంక పదకొండు రోజులే ఉంది."

ఆ సాయంత్రమే మధులత అనే ఇంజనీరు లాప్‌టాప్ పట్టుకుని తాత పక్కన కుర్చీ వేసుకుంది. తాత మొదట చేయించిన పని తెర ఆర్పించడం.

"తెర ఆపేస్తే నాకెలా తెలుస్తుంది అంకుల్?"

"నీకు తెలీకూడదనే."

రోజుకో పేజీ చొప్పున ఆ అమ్మాయి బటన్లకి పేర్లు పెట్టింది, బారసాల చేసినట్టు. పుట్టిన తేదీ టైపు చేసే వీలొచ్చింది. వంకర అక్షరాలు పోయి, వాటి బదులు ఫోన్‌కి ఓటీపీ వచ్చేలా చేసింది. టైము అయిపోబోతుంటే ముందే చెప్పి, ఇంకాస్త కావాలా అని అడిగే మర్యాద కూడా సైటుకి నేర్పింది. తాత దేన్నీ ఒక పట్టాన పాసు చేయలేదు. "ఇక్కడ గబుక్కున గెంతేత్తంది", "ఇక్కడ సెప్పిందే సెప్తంది" అంటూ వెనక్కి పంపేవాడు. మా వీధి దర్జీ కూడా నానమ్మ దగ్గర అన్ని మాటలు పడి ఉండడు.

నెలాఖరు వచ్చింది. క్యాంటీన్ హాల్లో వీడ్కోలు సభ పెట్టారు. బయట బంతిపూలు కట్టిన కారు తాతని ఇంటికి దింపడానికి నిలబడి ఉంది. నానమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. తాత మెడలో దండ, భుజాన శాలువా, ఒక చెవిలో ఇయర్‌ఫోన్. పద్మనాభంలో కీర్తన చివరి పేజీకి చేరిందని ఆయనకొక్కడికే తెలుసు. అర్జునరావు మైకు పట్టుకుని, సైటును బాగు చేయాలన్న ఆలోచన తనకు మొదటి నుంచీ ఉందని చెబుతున్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది.

"తాతా, ఆఖర్న రెండు బటన్లున్నాయి. రెండిటికీ పేర్లు లేవు. ఒకటి పంపేదంట, ఒకటి మొత్తం సెరిపేసేదంట, పేజీ పైన అంతే సెప్తంది. ఏది ఏదో తెలీట్లేదు. అయిదు గంటలకి మూసేత్తారు."

నిజం దరఖాస్తు పూర్తయితే గానీ ఆ పేజీ రాదు. పరీక్షించినప్పుడు అది ఎవరికీ తగల్లేదు.

"ఏటీ నొక్కకు. అలాగే ఉండు" అన్నాడు తాత. తర్వాత, సభలో ఉన్నానన్న సంగతి మర్చిపోయి, "మధులతా" అని కేకేశాడు. అర్జునరావు మైకులో ఆగిపోయాడు. విషయం చెవినపడగానే మధులత సమోసా అక్కడే పెట్టేసి మెట్ల వైపు పరుగెత్తింది.

అప్పటికి నాలుగూ ఇరవై. సభ సాగింది, తాత మాత్రం లేడు. కుర్చీలో ఉన్నాడు గానీ మనసంతా ఆ ఇయర్‌ఫోన్‌లో ఉంది. డ్రైవరు రెండుసార్లు వచ్చి తొంగిచూసి వెళ్ళాడు. నాలుగూ నలభై అయిదుకి పెద్దసారు లేచి, గవర్రాజు గారు రెండు మాటలు మాట్లాడతారని ప్రకటించారు. తాత లేచి మైకు పట్టుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు, ఇంట్లో వారం రోజులు నానమ్మ ముందు అప్పజెప్పుకున్న ఉపన్యాసం, ఒక్క ముక్క బయటికి రాలేదు. హాలంతా ఎదురుచూస్తోంది. నానమ్మ పెదవులతో మొదటి మాట అందిస్తోంది, ఆయనకి కనబడదన్న సంగతి కూడా మరిచిపోయి.

అప్పుడు చెవిలో కీర్తన గొంతు వినిపించింది. "పేర్లొచ్చాయి తాతా. పంపించాను. నంబరిచ్చింది."

తాత మైకులో అన్నాడు, "లైను కలిసింది సార్." అని కూర్చుండిపోయాడు.

పరీక్ష ఇంకా జరగలేదు. ఆ కుర్చీ ఎవరిదో ఇప్పుడే చెప్పలేం. కీర్తన మాత్రం ఈసారి పరీక్ష రాసిపెట్టే మనిషి కావాలని తన వేలితో తనే నొక్కింది.

ఇదంతా రాసి తాతకి చదివి వినిపించాను. కాళ్ళు చాపుకుని చివరి వరకూ విన్నాడు. ఎలా ఉంది తాతా అని అడిగాను.

"కంప్యూటరు భయపడ్డాదని రాసేవేటే? భయపడింది అర్జునరావు. సర్లే. ఆ పిల్ల కళ్ళు లేకండా అప్లికేషన్ పెట్టింది. నీకు రెండున్నాయి. ఇంటర్ సప్లిమెంటరీకి ఎప్పుడు పెడతావ్?"