మేకు కొట్టని గోనెసంచి

మా చిన్నప్పుడు... కె. కోటపాడు దగ్గర మా ఊళ్ళో, బడి వెనక కోతలైపోయిన మడిలో బంతాట ఆడేవాళ్ళం. కర్రతో బంతిని కొట్టి, మూలకొకటి పరిచిన గోనెసంచుల్ని తొక్కుకుంటూ చుట్టి రావాలి. కాలు సంచి మీద లేనప్పుడు ఎవరైనా బంతి తాకిస్తే అవుట్. దాన్ని సాఫ్ట్‌బాల్ అంటారని మొన్నమొన్న మా మనవరాలు చెబితే తెలిసింది.

సంచుల్లో ఏం ఉండేదనుకున్నారు... బెల్లం ఆడే చోట ఎండేసిన చెరుకు పిప్పి. ఉత్త తేలిక. కాలు పడితే చాలు, జారిపోతుంది. అందుకని చివరల్లో వెదురు మేకులు కొట్టాలి. నాకు పరుగు చేతకాదని మాస్టారు మూడో సంచి అప్పజెప్పారు. దానికి మేకులు కొట్టడం, అక్కడే కూర్చుని ఎవరు అవుటో చూసి చెప్పడం... అదీ నా పని.

నాకు అప్పట్నుంచీ అన్నిటికీ భయమే. ఆ రోజు మేకులు చూస్తే మరీ వాడిగా కనబడ్డాయి. అందరివీ ఉత్తి కాళ్ళు. ఎవరి పాదంలోనైనా దిగితే... ధనుర్వాతం వస్తే... కొట్టడానికి చెయ్యి రాలేదు. రెండు మేకులూ పరికిణీ కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజే అనకాపల్లి పోటీలకి పిల్లల్ని ఎంచుతున్నారు. ఇక ఒక్కరికే చోటు. అయితే చిట్టెమ్మ, లేకపోతే నూకాలు. నూకాలు మా పక్కింటి పిల్ల, నా జత. బస్సెక్కి ఎరగదు. "నానెల్తే నీకు రిబ్బన్లు అట్టుకొత్తానే" అని వారం రోజులుగా అదే మాట.

నూకాలు బంతిని కొట్టి పరిగెత్తింది. మొదటి సంచి, రెండోది... మూడోదాని మీద దాని కాలు ముందే పడింది. నేను చూశాను. పడగానే సంచి జర్రున జారింది, నూకాలు బోర్లా పడింది. కాలు సంచిని వదిలేసింది. అంతలో చిట్టెమ్మ వచ్చి దాని వీపుకి బంతి తాకించింది.

ఇంక గొడవ. అవుటని కొందరు, కాదని కొందరు. "సంచి పారిపోతే అదేటి సేత్తాదే" అని ఎవరో నవ్వారు.

మాస్టారు బెత్తంతో వచ్చి నా ముందు నిలబడ్డారు. "నువ్వు చూసేవు కదా. చెప్పు."

కాదంటే సంచి ఎందుకు కదిలిందంటారు. మేకులేవంటారు.

"అవుటేనండి" అన్నాను.

నూకాలు తలెత్తి నాకేసి చూసింది. పడ్డ చోటి నుంచి దానికి నా పరికిణీ అంచు కింద మేకు మొన కనబడుతూనే ఉంది. చెప్పేస్తుందనే అనుకున్నాను. అది లేచి మోచేతి మట్టి దులుపుకుంది.

"అవుటేనండి మాస్టారూ. నానే జారిపోయేను."

అనకాపల్లికి చిట్టెమ్మ వెళ్ళింది. మరుసటేడు నూకాలుని బడి మాన్పించేశారు.

మొన్న మనవరాలి ఆట చూడ్డానికి వెళ్ళాను. ఒకమ్మాయి కాలు తగిలి బేస్... అదే, మా గోనెసంచి లాంటిది... ఊడొచ్చింది. నేను కళ్ళు మూసేసుకున్నాను. తెరిచేసరికి అంపైరు రెండు చేతులూ బార్లా చాపి ఉన్నాడు. అవుట్ కాదట. బేస్‌ని మళ్ళీ దాని చోట పెట్టించి ఆట సాగించాడు. ఎవరు సరిగా బిగించలేదని ఒక్కరూ అడగలేదు.

"ముందే తాకింది కదా మామ్మా. బేస్ ఊడితే ఆ పిల్లదేం తప్పు? అక్కడే ఆగిపోతే అవుట్ ఉండదు" అంది మనవరాలు.

ఆ పూట అన్నం సహించలేదు.

నూకాలు ఇప్పుడు పరవాడలో కొడుకు దగ్గర ఉంటోంది. పెళ్ళిళ్ళలో కలిస్తే నా మోకాళ్ళ నొప్పులే అడుగుతుంది, ఆ ఆట మాట ఏనాడూ ఎత్తలేదు. నాలుగు రోజులుగా దాని నంబరు తీస్తున్నాను, ఫోను పక్కన పెట్టేస్తున్నాను. ఏమంటుందోనని భయం... ఏమీ అనకపోతే ఇంకా భయం.

ఈ కాలం పిల్లలకి తీర్పు చెప్పడానికి బెత్తం లేని పెద్దవాళ్ళున్నారు, అదృష్టవంతులు. మీలో ఎవరైనా చిన్నప్పుడు భయపడి అన్న మాటని ఇన్నేళ్ళకి వెనక్కి తీసుకున్నారా? తీసుకుంటే... ఫోను ఎత్తగానే ముందు ఏమన్నారో కాస్త రాయండమ్మా.