క్రీస్తుదాసు మాస్టారి అరుంధతి పరీక్ష

వేసవిలో, పొద్దుగూకాక, క్రీస్తుదాసు మాస్టారికి ఎదురుపడిన మనిషి అరుంధతిని చూడకుండా ఇల్లు చేరలేడు. చిలకలూరిపేట పక్క ఊళ్ళో ఆయనా నేనూ ఒకే బడిలో పనిచేశాం. ఆయన వస్తుంటే జనం సందులు మారేవారు.

“సప్తర్షుల్లో తోక నుంచి రెండోవాడు వశిష్ఠుడు. పక్కనే బుల్లి చుక్క. ఏ వైపుంది?” ఇదీ ప్రశ్న.

ఒకసారి కండక్టర్ని పట్టుకున్నారు.

“బస్సు బయల్దేరాలండి.”

“భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూనే ఉందయ్యా. నీ బస్సు కాసేపాగితే కొంపలు మునగవు.”

చర్చిలో పాస్టరుగారు వేకువచుక్క గురించి ప్రసంగిస్తుంటే వెనక బెంచీలోంచి లేచారు. “అది చుక్క కాదండి, శుక్రగ్రహం. సొంత వెలుగు లేదు.”

“మనకీ లేదు, కూర్చోండి” అన్నారు పాస్టరుగారు.

ఎనభై మూడు వేసవిలో, మిరపకళ్ళంలో తెల్లబారిన తాలుకాయలు ఏరి ఇంటికెళ్తున్న అంకమ్మ దొరికింది.

“ఏ వైపుంది?”

“పైనండి.”

అది కిందుంది. మాస్టారు రెండు వేళ్ళు చూపించి, ఎన్నని అడిగారు. ఆమె తలొంచుకుంది.

“కళ్ళకి పొరలొచ్చాయండి. ఆసామికి చెప్పమాకండి, పన్లోంచి తీసేస్తాడు.”

“చెప్పను. గుంటూరులో ఆపరేషన్ చేయిస్తా, రా.”

“చచ్చినా రాను.”

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఆమె అరుగు మీద మాస్టారు. ఆమె తలుపేసుకుంటే, బుధుడితో మొదలుపెట్టి రోజుకో గ్రహం గురించి గొంతెత్తి పాఠం చెప్పేవారు. శని వలయాల నాటికి ఇరుగుపొరుగు తలుపు బాదారు. “ఆయన అడిగిందేదో ఒప్పుకో తల్లీ. ఇంకా మూడు గ్రహాలున్నాయంట.”

అంకమ్మ తలుపు తీసింది.

ఆసామి చెంచురామయ్యతో మాస్టారు, “అంకమ్మకి గుంటూరులో చుక్కలు చూపిస్తాను” అన్నారు.

“మాకిక్కడే చూపిస్తున్నారుగా” అని నవ్వి ఆసామి సెలవిచ్చాడు. ఆ సాకు ఇంకెవరు చెప్పినా నమ్మేవాడు కాదు.

“ఎవరో ఒకరు చూడకపోతే అరుంధతికి పోయేదేముంది మాస్టారూ?” అని అడిగాను.

“చూసినవాళ్ళతో నాకేం పనండీ? కనపడకపోయినా కనపడిందనేవాళ్ళ కోసం అడుగుతాను.”

ఊళ్ళో పిచ్చయ్యకి, బుడాన్‌కి ఉన్నట్టుండి కళ్ళజోళ్ళు ఎలా వచ్చాయో అప్పుడు తెలిసింది నాకు.

ఆపరేషనై, సోడాబుడ్డి అద్దాలు వచ్చిన సాయంత్రం అంకమ్మ పడమటి నెలవంకను చాలాసేపు చూసింది.

“ఒక్కడే ఉన్నాడేంటండీ?”

“చంద్రుడు ఒక్కడే అంకమ్మా.”

“ఇన్నాళ్ళూ నాకు ముగ్గురు కనపడేవాళ్ళు. మీరు పాఠంలో ఒక్కడే అంటుంటే, పాపం సారుకి లెక్కలు రావనుకున్నా.”

మాస్టారు మొదటిసారి తడబడ్డారు. “గురుగ్రహానికైతే బోలెడుమంది చంద్రులున్నారులే” అన్నారు.

“ముందే చెప్తే పాత కళ్ళతో అటు చూసేదాన్నిగా” అంది అంకమ్మ.