పడమటి తలుపు మీది నల్లక్షరాలు

1957లో నేను ఆదోనిలో తలుపులకు, కిటికీలకు రంగులు వేసేవాణ్ణి. అవిసెనూనెలో గుగ్గిలం కరిగించి వార్నిషు నేనే కాచుకునేవాణ్ణి. పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లెలో మా సంఘంవారు ప్రార్థనామందిరం కట్టుకున్నారు. వేరుశనగ పీకే కూలీలు ఏడాదంతా దాచి టేకు తలుపు చేయించారు. చెక్క గీతలు కనబడాలని వాళ్ల ముచ్చట. అందుకే రంగు కలపకుండా ఉత్త వార్నిషే మూడు పూతలు వేశాను. బయటివైపు దానిమీద, అదే వార్నిషులో దీపపు మసి కలిపి ఒక బైబిలు వాక్యం రాశాను. తలుపు పడమటి ముఖం.

ఒక్క వేసవికే వార్నిషు పొలుసులుగా లేచింది. కబురందుకొని ఆదివారం ఆరాధనకు ముందే వెళ్లాను. ఆ కూలీలను కూడగట్టిన మార్తమ్మ గడపలోనే నిలబడి ఉంది.

“ఏమప్పా, దేవుని ఇంటికే కల్తీ సరుకు ఏసినావా? కిరసనాయిలు ఎంత పోసినావో సెప్పు!”

“సుక్క గూడ పోయలేదమ్మా.”

“మరి ఆ నిగనిగ యాడికి పోయింది? మంత్రాలయం బస్సెక్కిందా?”

చుట్టూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు ప్రభువు బల్ల, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, ఉంది. నామీద ఒకరికి ఇంత అనుమానం ఉండగా రొట్టె ముట్టుకోవడానికి నా మనస్సాక్షి ఒప్పలేదు. పైగా తప్పెక్కడ జరిగిందో నాకే తెలియదు.

లోపలికి వెళ్లి తలుపు మూశాను. లోపలివైపు వార్నిషు అద్దంలా ఉంది. మార్తమ్మను పిలిచాను. “ఒకే డబ్బా, ఒకే దినం ఏసింది. చూడమ్మా.”

ఆమె చేత్తో తడిమింది. “లోపల పెండ్లికూతురు, బయట నా మాదిరి ముసల్ది!”

బయటికొచ్చి మళ్లీ చూశాను. అంతటా పొలుసులే గాని, నల్లక్షరాలు మాత్రం చెక్కు చెదరలేదు. మార్తమ్మ కొడవలి మొనతో ఒక అక్షరాన్ని మెల్లగా గీకింది.

“మసి కింద నిగనిగ అట్లే ఉండాదే!”

“ఎండను మసి మింగిందమ్మా. కిందిదానికి తగలనీయలేదు.”

“అయితే తలుపంతా మసే పూయి.”

“సావుపెట్టె మాదిరి ఉంటాది.”

ఈసారి నేనూ నవ్వాను. ఆ రోజు మార్తమ్మే నన్ను బల్ల దగ్గరికి పిలిచింది.

ఆ వారమే తలుపు గీకి, చెక్క గీతలు కనబడకపోయినా మసిలాగే ఎండను ఆపుతుందని, వార్నిషులో రెడ్ ఆక్సైడ్, అంటే ఇనుప తుప్పు జాతి ఎర్రపొడి, కలిపి పూశాను. “ఇంక దీన్ని చూసే పనే లేదమ్మా” అని చెప్పి వచ్చాను.

మూడేళ్లకు మళ్లీ కబురు. వెళ్లగానే ఆమె తలుపు మీద అరచేయి రుద్ది చూపింది. చేయంతా ఎర్రపొడి. “చూసే పనే లేదంటివే!” దీన్ని మా పనిలో చాకింగ్ అంటారు. పైపైన ఎండకు నూనె చితికిపోయి, పొడి విడిపడుతుంది.

చాలా ఏళ్ల తర్వాత ఒక రంగుల కంపెనీ మనిషి నోట యూవీ స్టెబిలైజర్ అన్న మాట విన్నాను. కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు వార్నిషును, ప్లాస్టిక్‌ను లోలోపల తుంచేస్తాయట. కొన్ని స్టెబిలైజర్లు ఆ కిరణాలను తాము పట్టుకొని వేడిగా మార్చి వదిలేస్తాయి, కొన్ని మొదలైన తెగుడును ఆపుతాయి. ప్లాస్టిక్‌లో నల్లమసి కలపడం కూడా ఇందుకేనట. “మరి అవి ఎన్నాళ్లుంటాయి?” అని అడిగాను. కాపాడుతూ కాపాడుతూ అవీ ఖర్చయిపోతాయన్నాడు.

నాకు మార్తమ్మ ఎర్రటి అరచేయి గుర్తొచ్చింది. దేవుడు మనకు కాపుదల ఇచ్చాడు, దానితోపాటు మెలకువగా ఉండమనీ చెప్పాడు. నేను మొదటిది నమ్మి రెండోది మరిచాను. అప్పటినుంచి ఏ తలుపుకు పూత వేసినా, ఇక చూడనక్కర్లేదని ఎవరికీ చెప్పలేదు. ఏటా ఎండలు ముదరకముందే వెళ్లి, తలుపు మీద అరచేయి రుద్ది చూస్తాను.